కొండల్లో కార్చిచ్చు: ట్రెక్కర్ల అపోహలు – వాస్తవాలు

కాలిఫోర్నియాలోని సియెరా నెవాడా పర్వతాల పడమటి వాలుల్లో, ఫ్రెస్నో నగరానికి ఈశాన్యాన, 2020 సెప్టెంబరు 4 సాయంత్రం ఒక మంట లేచింది. దానికి క్రీక్ ఫైర్ అని పేరు పెట్టారు. అది లేబర్ డే సెలవుల వారాంతం. గుడారాలు, నాలుగైదు రోజుల తిండి వీపున వేసుకుని జనం కొండలెక్కి ఉన్నారు. మర్నాటికి మంట శాన్ వాకీన్ నదిని దాటింది. మామత్ పూల్ జలాశయం దగ్గరున్నవారికి బయటికి వెళ్లే ఏకైక రోడ్డు మూసుకుపోయింది. జాన్ మ్యూర్ ట్రయల్ నడుస్తున్నవారిలోనూ చాలామంది నడక మధ్యలోనే ఆపేసి దిగిపోవలసి వచ్చింది. ఆ మంట పూర్తిగా అదుపులోకి వచ్చేసరికి డిసెంబరు నెలాఖరైంది. అప్పటికి 3 లక్షల 79 వేల ఎకరాలు బూడిదయ్యాయి.

అంతకు రెండేళ్ల ముందు, 2018 మార్చి 11న, తమిళనాడు తేని జిల్లా కురంగణి కొండల్లో ముప్పై మందికి పైగా ట్రెక్కర్లు మంటల్లో చిక్కుకున్నారు. అక్కడికక్కడే పోయినవారు, తర్వాత ఆసుపత్రుల్లో పోయినవారు కలిపి 20 మందికి పైగా మరణించారు. సియెరా మంటతో పోలిస్తే కురంగణిలో కాలిన నేల అతి స్వల్పం. ప్రాణనష్టం మంట పరిమాణాన్ని బట్టి ఉండదు. మనిషి ఎక్కడ నిలబడి ఉన్నాడు, ఎటు కదిలాడు, ఎప్పుడు కదిలాడు అన్నదే ముఖ్యం. ఆ మూడు నిర్ణయాలనూ తప్పుదారి పట్టించే అపోహలు చాలానే ఉన్నాయి.

అపోహ: మంట వస్తుంటే కొండపైకి ఎక్కిపోవాలి, ఎత్తు మీద ఉంటే భయం లేదు.

ప్రాణాలు తీసే అపోహల్లో దీనిదే మొదటి స్థానం. వరద వచ్చినప్పుడు మెట్టకెక్కడం తెలిసినవారికి మంట వచ్చినప్పుడూ అదే తోస్తుంది. కానీ మంట నీటికి సరిగ్గా వ్యతిరేకం. అది పైకి పరుగెత్తుతుంది. వాలు మీద మంట నాలుకలు ఎగువనున్న గడ్డికి, పొదలకు దగ్గరగా వంగుతాయి. వేడిగాలి కూడా పైకే పోతుంది. దాంతో పైనున్న గడ్డి అంటుకోకముందే ఎండి, వేడెక్కి, సిద్ధంగా ఉంటుంది. వాలు పది డిగ్రీలు పెరిగితే మంట వేగం దాదాపు రెట్టింపవుతుందన్నది ఆస్ట్రేలియా అగ్నిశాస్త్రజ్ఞులు స్థిరపరచిన లెక్క. ఇరవై డిగ్రీల వాలు మీద అది నాలుగు రెట్లు. అదే వాలు మీద మనిషి వేగం మాత్రం సగానికి పడిపోతుంది.

1949 ఆగస్టు 5న అమెరికాలోని మాంటానా రాష్ట్రంలో, మాన్ గల్చ్ అనే లోయలో ఈ లెక్క ఎంత నిష్ఠురమో బయటపడింది. అక్కడున్న పదహారు మంది శిక్షణ పొందిన యువకులు. వారిలో పదిహేను మంది విమానం నుంచి పారాచూట్లతో దూకి మంటలార్పేవారు. తమకు దిగువన మంట లోయ దాటి ఇటు అంటుకోవడంతో ఎండుగడ్డి పెరిగిన నిటారు వాలు మీదుగా పైకి పరుగెత్తారు. పదమూడు మంది శిఖరం అంచు చేరకముందే మంటకు చిక్కారు. కసరత్తు చేసిన కాళ్లకే సాధ్యం కానిది, పదిహేను కిలోల సంచీ మోస్తూ అలసిన ట్రెక్కర్‌కు సాధ్యమవుతుందనుకోవడం భ్రమ. కురంగణిలోనూ కిందినుంచి పైకి లేచిన మంటే, కొండ దిగుతున్నవారిని ఎండుగడ్డి మధ్య కమ్మేసింది.

రెండు కొండల నడుమ ఇరుకైన మడతలు, ఎండిపోయిన సెలదారులు, కనుమలు మరీ ప్రమాదకరం. గాలి, వేడి అక్కడ కూడుకుని పొగగొట్టంలోలా ఎగబాకుతాయి. నడకదారులు, ముఖ్యంగా దగ్గరిదారులు, తరచుగా ఈ మడతల వెంబడే సాగుతాయి. మంట దిగువన ఉంటే దానికి పక్కగా, వాలుకు అడ్డంగా, చెట్టూ పొదా లేని చోటికి మళ్లడం మేలు. మంట ఎగువన ఉంటే కిందికి దిగడం సబబు. అప్పుడు కూడా పైనుంచి దొర్లిపడే మండుతున్న దుంగల మీద ఒక కన్నేసి ఉంచాలి.

అపోహ: కాలిపోయిన నేల వైపు అసలు పోకూడదు.

మాన్ గల్చ్‌లో బతికినవారు ముగ్గురే. వారిలో ఇద్దరు రాతి అంచులోని ఒక సందులోంచి అవతలికి జారుకున్నారు. మూడోవాడు జట్టు నాయకుడు వాగ్నర్ డాడ్జ్. పెద్ద మంట దగ్గరపడుతుంటే ఆయన పరుగు ఆపి, అగ్గిపుల్ల గీసి తన ముందున్న గడ్డిని తానే తగలబెట్టాడు. అది కాలిపోగానే ఆ వేడి బూడిదలో బోర్లా పడుకున్నాడు. కాలడానికి ఏమీ మిగలని ఆ చోటును వదిలేసి పెద్ద మంట ఇరుపక్కల నుంచి సాగిపోయింది. రమ్మని పిలిచినా తోటివారు ఆ బూడిదలోకి రాలేదు. నాయకుడికి మతిపోయిందనుకున్నారు. ఆ పద్ధతి వారికి ఎవరూ నేర్పలేదు.

ట్రెక్కర్లు దీన్ని అనుకరించాలని కాదు. అనుభవం లేని చేతిలో రెండో మంట రెండో ప్రమాదమే. గ్రహించవలసింది ఇంతే: పూర్తిగా కాలి చల్లారిన నేల తరచుగా దగ్గర్లో ఉన్న అన్నిటికన్నా మంచి ఆశ్రయం. గడ్డి కాలిన నేల కొద్దిసేపట్లోనే చల్లారుతుంది. పైపైన పొదలు మాత్రమే కాలి, ఆకులు, కొమ్మలు మిగిలి ఉన్న చోటును మాత్రం నమ్మకూడదు. అది రెండోసారి అంటుకోగలదు.

అపోహ: ఏరో చెరువో దాటితే మంట అవతలే ఆగిపోతుంది.

ఒరెగాన్ రాష్ట్రంలో 2017 సెప్టెంబరు 2న ఈగిల్ క్రీక్ మంట మొదలైంది. రెండు రోజుల తర్వాత రాత్రివేళ తూర్పుగాలికి దాని నిప్పురవ్వలు కొలంబియా నదిని దాటిపోయి అవతలి ఒడ్డున, వాషింగ్టన్ రాష్ట్రంలో, కొత్త మంట రాజేశాయి. గోదావరి స్థాయి నదే నిప్పును ఆపలేనప్పుడు కొండవాగు ఆపుతుందా? మంట ముందుకు పోయేది నేల మీదుగా మాత్రమే కాదు. కాలుతున్న బెరడు ముక్కలు, శంకువులు, ఆకులు వేడిగాలితో ఎగిరి చాలా ముందు పడతాయి. అందుకే ‘మంట అక్కడుంది’ అని వేలుపెట్టి చూపించడం ఒక్కోసారి కుదరదు. మనిషికీ అతడు పారిపోదామనుకున్న దారికీ మధ్యలోనే కొత్త మంట లేస్తుంది.

అలాగని నీటి అంచు పనికిరాదని కాదు. మామత్ పూల్ దగ్గర చిక్కుకున్నవారికి జలాశయపు ఒడ్డునున్న బయలే దిక్కయింది. కాపాడేది అక్కడ నీరొక్కటే కాదు, చుట్టూ కాలే వస్తువు లేకపోవడం. విశాలమైన గులకరాళ్ల మేట, బండరాళ్ల బయలు, ఎండిన చెరువు గర్భం కూడా అంతే పనికొస్తాయి.

అపోహ: మంట తాకితేనే ప్రమాదం; తడిగుడ్డ ముఖానికి కట్టుకుంటే పొగ ఏమీ చేయదు.

మంట ముట్టుకోకుండానే చంపగలదు. సెగ నేరుగా ఒంటికి తగిలి చర్మాన్ని కాలుస్తుంది. వేడిగాలి పీలిస్తే శ్వాసనాళం దెబ్బతింటుంది. అందుకే దాటే దారి లేనప్పుడు గుంటలోనో బండ చాటునో ముఖం నేలకానించి పడుకోవాలంటారు. అక్కడ గాలి కాస్త చల్లగా ఉంటుంది, సెగకు అడ్డు దొరుకుతుంది.

తడి తువ్వాలు బూడిదను, పెద్ద రేణువులను ఆపుతుంది. కళ్లమంటకు కొంత ఊరట. రెండున్నర మైక్రాన్ల కన్నా చిన్న రేణువులను మాత్రం ఆపలేదు. అవి ఊపిరితిత్తుల అడుక్కి పోతాయి. వాటికి ముఖానికి బిగుతుగా అతుక్కునే ఎన్-95 మాస్కు కావాలి. కార్బన్ మోనాక్సైడ్‌ను ఆ మాస్కు కూడా ఆపదు.

బట్టల సంగతి ఎవరూ పట్టించుకోరు. తొందరగా ఆరతాయని, తేలిగ్గా ఉంటాయని ట్రెక్కర్లు ఇష్టపడే పాలియెస్టర్, నైలాన్ బట్టలు వేడికి కరిగి చర్మానికి అతుక్కుంటాయి. మందపాటి నూలు బట్టలు, ఉన్ని బట్టలు కరగవు. సంచీలోని గ్యాస్ డబ్బాను వదిలించుకోవడం కూడా మరిచిపోకూడనిదే.

అపోహ: ఫోన్ చేస్తే హెలికాప్టర్ వస్తుంది.

వస్తుంది, ఒక్కోసారి. మామత్ పూల్ నుంచి 2020 సెప్టెంబరు 5 రాత్రి కాలిఫోర్నియా నేషనల్ గార్డ్ హెలికాప్టర్లు రెండు వందల మందికి పైగా తరలించాయి. పొగలో, చీకట్లో నైట్‌విజన్ కళ్లద్దాల సాయంతో దిగి, కొలతకు మించి జనాన్ని ఎక్కించుకున్నాయి. ఆ సిబ్బందిలో ఏడుగురికి డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్ పతకం ఇచ్చారు. అలాంటి పతకం మామూలు పనికి ఇవ్వరు. ఆ రాత్రి జరిగింది ఎంత అరుదో దాన్నిబట్టే అర్థం చేసుకోవాలి. క్రీక్ ఫైర్ మీద లేచిన మేఘం సుమారు పదిహేను కిలోమీటర్ల ఎత్తుకు పోయింది. లోపల అగ్ని సుడిగాలులు తిరిగినట్టు అమెరికా వాతావరణ శాఖ తర్వాత నిర్ధారించింది. అటువంటి చోటికి యంత్రం పంపడం పైలట్ ప్రాణంతో పందెం.

ఈగిల్ క్రీక్‌లో దారి మూసుకుపోయిన నూటయాభై మంది దాకా రాత్రంతా అడవిలోనే గడిపి, మర్నాడు వాటమ్ సరస్సు వైపు కాలినడకన బయటపడ్డారు. కురంగణిలో గాయపడినవారిని కిందికి మోయడంలో స్థానికుల పాత్ర పెద్దది.

పైగా లోతైన అడవిలో సెల్ సిగ్నల్ ఉండదు. అమెరికాలో చాలామంది ట్రెక్కర్లు ఉపగ్రహ సందేశ పరికరాలు వెంట ఉంచుకుంటారు. అక్కడ స్థిరపడిన తెలుగువారు వాటిని మన దేశానికి తెచ్చి హిమాలయాల్లోకి పట్టుకెళ్లాలనుకుంటే ఒక సంగతి తెలిసి ఉండాలి: ముందస్తు అనుమతి లేకుండా ఉపగ్రహ ఫోన్లు, సందేశ పరికరాలు వెంట ఉంచుకోవడం భారతదేశంలో చట్టవిరుద్ధం. విమానాశ్రయాల్లో పట్టుబడి కేసులు ఎదుర్కొన్నవారున్నారు. ఇక్కడ నమ్మదగింది బయల్దేరేముందు అటవీ సిబ్బందికి, ఇంట్లోవారికి చెప్పిన దారి, తిరిగొచ్చే వేళ.

అపోహ: ఎండిన వెదుళ్లు రాసుకుని అడవి తగలబడుతుంది.

తెలుగునాట ఇది తరాల నుంచి వస్తున్న మాట. భారత అడవుల్లో మంటలకు నూటికి తొంభైకి పైగా మనుషులే కారణమని అటవీశాఖలు చెబుతూ వస్తున్నాయి. ఇప్పపువ్వు ఏరుకోవడానికి చెట్టు కింద ఆకులు కాల్చడం, తునికాకు చిగురు కోసం నిప్పు పెట్టడం, కొత్త గడ్డి కోసం పశువుల కాపర్లు తగలబెట్టడం, పారేసిన బీడీముక్క, ఆర్పని పొయ్యి: కారణాలు ఇవే. అమెరికా కొండల్లో పిడుగులు చాలా మంటలు రాజేస్తాయి, నిజమే. అక్కడ కూడా మొత్తం మీద ఎక్కువ మంటలు మనుషుల చేతివే. ఈగిల్ క్రీక్ మంటకు కారణం ఓ పదిహేనేళ్ల కుర్రాడు లోయలోకి విసిరిన బాణసంచా.

ట్రెక్కర్ల వంతు నెగడు. మట్టి కప్పితే ఆరిపోయిందనుకుంటారు. నివురు గప్పిన నిప్పు మట్టి కింద గంటల తరబడి రగులుతుంది, ఎండిన వేళ్ల వెంట పాకి మరోచోట పైకి వస్తుంది. నీళ్లు పోయాలి, కర్రతో కలపాలి, మళ్లీ పోయాలి, చెయ్యి పెట్టి చూసినప్పుడు చల్లగా తగలాలి. అన్ని నీళ్లు లేని చోట నెగడు వేయకపోవడమే పద్ధతి.

ఈ మాట కొండలెక్కే కుర్రకారుకు మాత్రమే వర్తించదు. శేషాచలం అడవిలో తుంబురు తీర్థానికి జనం నడిచేది ఫాల్గుణ పౌర్ణమికి. నల్లమలలో సలేశ్వరం జాతర చైత్ర పౌర్ణమికి. రెండూ ఆకురాలి అడవి ఎండిపోయే రోజులే. 2014 మార్చిలో తిరుమల చుట్టుపక్కల మంటలు ఆర్పడానికి వైమానిక దళ హెలికాప్టర్లను దింపవలసి వచ్చింది.

అపోహ: అడవిలో ప్రతి మంటా వినాశనమే.

1935 నుంచి కొన్ని దశాబ్దాల పాటు అమెరికా అటవీ శాఖ ఇదే నమ్మి, కనబడిన ప్రతి మంటనూ మర్నాటి ఉదయం పది గంటల్లోగా ఆర్పాలని నియమం పెట్టుకుంది. ఫలితంగా చిన్న మంటల్లో కాలవలసిన ఎండుపుల్లలు, పొదలు అడవి నిండా పేరుకున్నాయి. లాడ్జ్‌పోల్ పైన్ చెట్ల శంకువుల్లో చాలావరకు వేడి తగిలితేనే విచ్చుకుని గింజలు రాలుస్తాయి. సీక్వోయా మహావృక్షాలకూ తేలికపాటి మంట అవసరమే. అయితే పేరుకున్న ఇంధనం, కరువు, పెరిగిన వేడి కలిసిన చోట మంట మేలు చేసే హద్దు దాటిపోతుంది. 2020లో కాసిల్ ఫైర్ ఒక్కటే పెద్ద సీక్వోయాల్లో పదోవంతుకు పైగా చంపిందని అంచనా. క్రీక్ ఫైర్ దారిలోనూ కరువుకు, బెరడు పురుగుకు చచ్చి నిలబడ్డ చెట్లు కోకొల్లలు.

అపోహ: మంట ఆరిపోతే అడవిలోకి వెళ్లొచ్చు.

కాలిన చెట్లు గాలి లేని రోజున కూడా కూలతాయి. వేళ్లు కాలిపోయిన చోట నేల పైకి గట్టిగా కనబడి, అడుగు వేస్తే గుంటలోకి దిగబడుతుంది. గడ్డి, చెట్టు పోయిన వాలు మీద వాన కురిస్తే మట్టి, బండలు కలిసి కిందికి దూకుతాయి. 2017 డిసెంబరులో థామస్ ఫైర్ కాల్చిన కొండల మీద 2018 జనవరి 9న కురిసిన వానకు మాంటెసిటో పట్టణంలో 23 మంది బురద ప్రవాహంలో పోయారు.

అధికారులు దారులు మూసేది అందుకే, మంటకు ముందూ తర్వాతా కూడా. తమిళనాడు కురంగణి తర్వాత 2018లో ట్రెక్కింగ్‌కు నియమావళి తెచ్చింది. మంటల కాలమైన ఫిబ్రవరి 15 నుంచి ఏప్రిల్ 15 వరకు ట్రెక్కింగ్ బాటలు మూసివేస్తుంది. 2017 చివరికల్లా అదుపులోకి వచ్చిన ఈగిల్ క్రీక్ మంట తర్వాత, అక్కడి నడకబాట మళ్లీ తెరుచుకోవడానికి మూడేళ్లకు పైగా పట్టింది.