చెమట కాళ్ల కంపుకు వంటింట్లోనే విరుగుడు

పొద్దుగూకి ఇంటికొచ్చి బూట్లు విప్పితే చాలు, "వాటిని బయటే ఇడ్సిపెట్టి రాకూడదా" అని ఇంట్లోవాళ్లు ముక్కు మూసుకుంటారు. నలుగురిలో పంచాయితీకి కూర్చున్నా, పెండ్లికి పోయినా చెప్పులు విప్పాలంటే మొహమాటం. చాలామంది దీన్ని నవ్వులాటగా తీసుకుంటారు. కానీ అసలు నష్టం వేరే ఉంది. కంపు కొడుతున్నాయని బూట్లు మూలన పడేసి ఒట్టికాళ్లతో చేనికి పోయేవాళ్లున్నారు. రాత్రిపూట మడికి నీళ్లు కట్టబోయినప్పుడు ఆ బూట్లే పాముకాటు నుంచి, ముళ్ల నుంచి కాళ్లను కాపాడతాయి. కాబట్టి మానాల్సింది బూట్లను కాదు, పోగొట్టుకోవాల్సింది కంపును.

కంపు ఎందుకొస్తుంది?

మనిషి రెండు పాదాల్లో కలిపి సుమారు రెండున్నర లక్షల స్వేదగ్రంథులు ఉంటాయి. వీటి నుంచి వచ్చే చెమటకు సొంతంగా వాసన లేదు. తడిసి నానిన చర్మం మీద సూక్ష్మజీవులు చేరి, చెమటలోని పదార్థాలను, చచ్చిన చర్మాన్ని తిని కొన్ని ఆమ్లాలను వదులుతాయి. కంపంతా ఆ ఆమ్లాలదే. అంటే తడి, వేడి, గాలి ఆడకపోవడం అనే మూడూ కలిస్తేనే వాసన పుడుతుంది.

ఈ మూడూ మన ప్రాంతంలో ఏదో ఒక రూపంలో ఉన్నాయి. ప్రొద్దుటూరు వైపు కె.సి. కాలువ కింద వరి మళ్లలో నాట్లేసేవాళ్ల కాళ్లు పొద్దంతా బురదలో నానుతాయి. జమ్మలమడుగు వైపు నాపరాళ్ల గనుల్లో పనిచేసేవాళ్లు మండుటెండలో బూట్లు వేసుకుంటారు. పులివెందుల వైపు చీనీ, అరటి తోటల్లో తడి పాదుల మధ్య తిరుగుతూ, మందు కొట్టేటప్పుడు రబ్బరు బూట్లు తొడుగుతారు. రబ్బరులోంచి గాలి ఆడదు. ఎండలు 40 డిగ్రీలు దాటినప్పుడు ఆ బూటు లోపల ఎట్లుంటుందో చెప్పాల్సిన పని లేదు.

ముందు చేయాల్సింది

ఏ చిట్కా అయినా దీని తర్వాతే. పని నుంచి రాగానే సబ్బుతో కాళ్లు కడుక్కోవాలి. వేళ్ల సందుల్లో వేలు పెట్టి రుద్దాలి. తర్వాత పొడి గుడ్డతో సందుల్లోని తడి పూర్తిగా తుడవాలి. చాలామంది కడుగుతారు గానీ తుడవరు. అక్కడే మోసం జరుగుతుంది. మేజోళ్లు నూలువి వాడాలి, ఏ రోజుకారోజు ఉతకాలి. వీలైతే రెండు జతల బూట్లు పెట్టుకుని రోజు మార్చి రోజు వాడాలి. విప్పిన జతను నాలుక బయటికి లాగి ఆరబెట్టాలి.

ఇంట్లో దొరికే విరుగుడు

టీపొడి: లీటరు నీటిలో నాలుగు చెంచాల టీపొడి వేసి 15 నిమిషాలు మరిగించాలి. వడకట్టి, మరో లీటరు చన్నీళ్లు కలిపి, గోరువెచ్చగా ఉన్నప్పుడు పాదాలు 20 నిమిషాలు ముంచాలి. రోజుకొకసారి చొప్పున వారం, పది రోజులు చేయాలి. టీలోని టానిన్లు అనే ఒగరు పదార్థాలు చర్మాన్ని బిగువు చేసి చెమటను తగ్గిస్తాయి. తోళ్లు పదును చేయడానికి వాడే తంగేడు చెక్క, తుమ్మ చెక్క, కరక్కాయల్లో ఉండేవీ ఈ టానిన్లే. టీపొడి బదులు నాలుగైదు కరక్కాయలు నలగ్గొట్టి కషాయం కాచుకున్నా సరిపోతుంది.

పటిక: లీటరు నీటికి ఒక చెంచా పటిక పొడి కరిగించి, రాత్రి పడుకునే ముందు పాదాలు 10 నిమిషాలు ముంచి ఆరబెట్టుకోవాలి. గడ్డం గీసుకున్నాక పటిక రుద్దితే చర్మం బిగుసుకున్నట్టే ఇక్కడా జరుగుతుంది.

వంటసోడా: కంపుకు కారణమైన ఆమ్లాలను ఇది విరుస్తుంది. రాత్రిపూట బూట్లలో రెండు చెంచాలు చల్లి, పొద్దున దులిపేయాలి. పాదాలకు రోజూ రుద్దితే చర్మం మండుతుంది కాబట్టి బూట్లకే పరిమితం చేయడం మంచిది.

కాళ్లకు పగుళ్లు, పుండ్లు ఉంటే వీటిలో ఏదీ చేయరాదు. నిమ్మరసం, కిరసనాయిలు, ఫినాయిలు పూయడం, మిగిలిన పురుగుమందు పొడి బూట్లలో చల్లడం ప్రమాదకరం.

చిట్కాలు పనిచేయని చోట

కాలివేళ్ల సందుల్లో చర్మం తెల్లగా నాని, పొరలు లేస్తూ దురద పెడుతుంటే అది బూజు తెగులు. మొక్కకు బూజు పడితే దానికి తగిన మందే కొట్టాలి కదా, ఇదీ అంతే. డాక్టరు చెప్పిన పూతమందును, దురద తగ్గిందని మధ్యలో ఆపకుండా చెప్పినన్నాళ్లూ వాడాలి. మందుల షాపులో అడిగి తెచ్చుకునే కొన్ని పూతమందుల్లో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. రెండు రోజుల్లో దురద తగ్గినట్టే ఉంటుంది, తర్వాత తెగులు ఇంకా పాకుతుంది.

అరికాలి మీద సూదితో పొడిచినట్టు చిన్నచిన్న గుంటలు పడి, విపరీతమైన వాసన వస్తుంటే అది బ్యాక్టీరియా వల్ల వచ్చే జబ్బు. ఒట్టికాళ్లతో తడి నేలలో పనిచేసేవాళ్లకూ, రోజంతా బూట్లలో ఉండేవాళ్లకూ వస్తుంది. పూతమందుతో నయమవుతుంది.

చక్కెర జబ్బు ఉన్నవాళ్లు కాళ్లు నీళ్లలో నానబెట్టరాదు. స్పర్శ తగ్గి ఉంటే నీళ్ల వేడి తెలియక కాళ్లు కాలతాయి, వేళ్ల మధ్య చీలికే పుండై వేలు తీసేయాల్సిన దాకా పోవచ్చు. అరికాలు కనబడకపోతే అద్దం పెట్టుకునైనా రోజూ చూసుకోవాలి. కొత్తగా పుండు గానీ, వాపు గానీ, చెడువాసన గానీ కనిపిస్తే ఆరోజే ఆసుపత్రికి పోవాలి.

ఈ చెమట వేరు

చేనికి మందు కొట్టినాక ఉన్నట్టుండి ఒళ్లంతా చెమట పట్టి, నోట్లో నీళ్లూరి, కళ్లు మసకబారి, వాంతి వస్తుంటే అది ఎండదెబ్బ అనుకుని చెట్టుకింద పడుకోరాదు. మోనోక్రోటోఫాస్, ప్రొఫెనోఫాస్ వంటి మందుల విషం ఒంటికి ఎక్కిందనడానికి అవి గుర్తులు. బట్టలు, బూట్లు విప్పి, సబ్బుతో ఒళ్లు కడిగి, మందు డబ్బా చీటీతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. 108కి ఫోను చేయాలి. ఆలస్యమైతే ప్రాణానికే ముప్పు. మందు లోపలికి ఒలికిన బూట్లను మళ్లీ తొడగరాదు. తోలు బూటైతే మందును పీల్చుకుంటుంది, ఎంత కడిగినా పోదు, పారేయాల్సిందే.

ఎద్దు గిట్టకు చిన్న గాయమైతే పని ఆపి మందు రాస్తాం. మన కాలికీ ఆ పాటి శ్రద్ధ ఉండాలి. రాత్రి పడుకునే ముందు ఐదు నిమిషాలు కేటాయించి, కడిగి, తుడిచి, వేళ్ల సందులు చూసుకుంటే చాలామందికి ఈ బాధ రెండు వారాల్లోనే తగ్గుముఖం పడుతుంది.