నేల క్రింది నుండి ఇంటిలోనికి

బావి నీరు చెడిపోయినదని తెలిస్తే మనమేమి చేస్తాము? ఆ నీరు మానుకొని వేరొక చోటనుండి తెచ్చుకుంటాము. అంతటితో అపాయము తప్పినదనుకుంటాము. అయితే ఆ నీటిని ఒక్క గుక్కైనా త్రాగనివారి ఇంటిలోనికి కూడా దాని విషము ఆవిరిగా రాగలదని అమెరికాలో ఒక ఊరివారు తెలుసుకొనవలసి వచ్చింది.

న్యూయార్క్ రాష్ట్రములో సస్క్యుహానా నది ఒడ్డున ఎండికాట్ అనే ఊరున్నది. కంప్యూటర్ల కంపెనీ ఐ.బి.ఎం. వేళ్లూనినది అక్కడే. ఆ కర్మాగారములో యంత్రభాగాల జిడ్డు కడగడానికి ఘాటైన ద్రావకాలు వాడేవారు. 1979లో అట్టి ద్రావకము 4,100 గ్యాలన్లు, అంటే సుమారు 15,500 లీటర్లు, నేలపాలైనది. పరీక్షించగా అంతకుముందే భూమిలోనికి ఇంకిన ట్రైక్లోరోఇథిలీన్ మొదలైనవి కూడా బయటపడ్డాయి.

ఇవి నీటికంటె బరువైనవి. కిరోసినువలె పైన తేలవు, సందులు వెదకుకొంటూ అడుగునకు దిగుతాయి. అక్కడ కొద్దికొద్దిగా కరుగుతూ భూగర్భజలముతోపాటు ఇండ్ల క్రిందికి ప్రాకుతాయి. నీటినుండి లేచిన ఆవిరి మట్టి రేణువుల నడుమనుండి పైకివచ్చి, పునాది పగుళ్లగుండా లోపలికి దూరుతుంది. చలికాలములో తలుపులు బిగించి ఇల్లు వెచ్చచేసుకుంటారు గదా, వేడిగాలి పైకి పోతుంటే ఇల్లే నేలలోని ఆవిరిని పీల్చుకుంటుంది. కొద్ది మోతాదులో ఉంటే వాసనకూ తెలియదు.

కంపెనీ 1980 ప్రాంతమునుండే బావులు వేసి నీటిని తోడి శుభ్రపరచసాగింది. ఇండ్లలోని గాలిని పరీక్షించడము మాత్రము 2002 తరువాతనే. ఇరువది ఏండ్లకు పైగా ఆ ఇండ్లలో పిల్లలు పుట్టి పెరిగారు! పరీక్షల తరువాత నాలుగు వందలకు పైగా ఇండ్లకు గొట్టాలు అమర్చారు. గచ్చుకు రంధ్రము చేసి, గొట్టము దింపి, రాత్రింబవళ్లు తిరిగే చిన్న ఫ్యానుతో ఆవిరిని ఇంటి కప్పుపైకి పంపివేస్తారు. ఇది ఇంటివారిని కాపాడుతుంది గాని నేలను బాగుచేయదు. నేల బాగుపడాలంటే నీటిని తోడి, ఎత్తునుండి తుంపరలుగా రాల్చుతూ ఎదురుగాలి కొట్టించాలి. అప్పుడు విడిపోయిన ఆవిరిని బొగ్గుపొడిలో పట్టాలి. పొడి మట్టిలోని గాలినికూడా పంపులతో లాగివేయాలి. నలుబది ఏండ్లు దాటినా అక్కడ ఆ పని ముగియలేదు.

ఆ ప్రాంతములో శిశువుల గుండె లోపాలు, మూత్రపిండాల క్యాన్సరు అనుకున్నదానికంటె ఎక్కువగా ఉన్నట్లు రాష్ట్ర ఆరోగ్యశాఖ అధ్యయనములో తేలింది. ఈ ఆవిరే కారణమని అది రుజువు చేయలేదు. ట్రైక్లోరోఇథిలీన్ మనుష్యులకు క్యాన్సరు కలిగించేదేనని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 2012లో నిర్ధారించింది. సుమారు వేయిమంది వేసిన దావా 2015లో రాజీపడింది. రాజీ సొమ్ము ముట్టినా, గొట్టము పెట్టిన ఇంటిని మంచి ధరకు కొనేవారెవరు?

మనకిది దూరపు సంగతి కాదు. పటాన్‌చెరు చుట్టుప్రక్కల గ్రామాలలో ఫ్యాక్టరీల వ్యర్థాలవల్ల నక్కవాగు, బావులు చెడిపోగా, ఆ మొర 1990లో సుప్రీంకోర్టుకు చేరింది. ఫ్యాక్టరీ లేని పల్లెలోనైనా పెట్రోలు బంకు ఉండవచ్చు. భూమిలోని ట్యాంకు కారితే దగ్గరి బావిలో పెట్రోలు వాసన వస్తుంది. అప్పుడు బావి దగ్గర అగ్గిపుల్ల గీయకూడదు, మోటారు స్విచ్చి వేయకూడదు, చూడడానికి లోపలికి దిగనే కూడదు. వెంటనే అగ్నిమాపక కేంద్రానికి, బంకువారికి తెలపాలి. తరువాత సర్పంచి, సంఘ పెద్దలు కలిసి కాలుష్య నియంత్రణ మండలి కార్యాలయానికి వెళ్లడం మంచిది. ఒంటరి రైతు మాటకంటె పదిమంది మాట బాగా వినబడుతుంది.

మన తల్లులు నీళ్లు కాచి త్రాగమంటారు. క్రిములకైతే అది సరియే. ఈ నీటిని మూసిన వంటగదిలో కాచితే మాత్రము ఆ ఆవిరిని ఇంటిల్లిపాదీ పీల్చవలసి వస్తుంది. పరీక్షకు పంపే నీటిని కూడా గాజు సీసాలో, గాలి బుడగ మిగలకుండా అంచువరకు నింపి, వెంటనే బిగించాలి. సగము సీసా పంపితే అసలు విషము దారిలోనే ఎగిరిపోతుంది.