కాలేయము మార్చిన పిదప మందు తగ్గించుట

కుమఠా నాకా వీధులలో మగ్గముల చప్పుడు వినుచు పెరిగిన మా విద్యార్థులకు పడుగు బిగువును గూర్చి మేము చెప్పనక్కరలేదు. బిగువు మితిమీరిన నూలు తెగును. సడలిన నేత చెడును. కాలేయము మార్పిడి జరిగినవారి మందు సంగతియు ఇట్టిదే.

మన దేహమునందు పరాయిదానిని గుర్తించి ఎదిరించు రక్షణశక్తి కలదు. రోగక్రిములనుండి మనలను కాపాడునది అదియే. కాని ప్రాణము నిలుపుటకై ఒకరు దానము చేసిన కాలేయమును సైతము అది పరాయిదిగానే ఎంచి దాడి చేయును. దీనినే తిరస్కరణ అందురు. 1963లో అమెరికాలోని డెన్వరు నగరమున టామస్ స్టార్జల్ మొట్టమొదటి కాలేయ మార్పిడి చేసెను; ఆ రోగి బ్రతుకలేదు. 1967లో మార్పిడి జరిగినవారిలోనే మొదటిసారి ఏడాదికి మించి జీవించుట జరిగెను. తిరస్కరణను అణచుటకు నేడు ముఖ్యముగా వాడు టాక్రోలిమస్ అను మందు 1984లో జపానుదేశపు మట్టిలోని ఒక సూక్ష్మజీవినుండి లభించినది.

ఇంత మేలుచేయు మందును తగ్గించుటెందుకు? అది ఏండ్ల తరబడి వాడినచో మూత్రపిండములు దెబ్బతినవచ్చును. మధుమేహము, రక్తపుపోటు రావచ్చును. రక్షణశక్తి అణగియుండుటచే అంటురోగములును, కొన్ని క్యాన్సరులును తేలికగా సోకును. కావున వైద్యులు మొదట హెచ్చుగా ఇచ్చి, క్రమముగా తగ్గింతురు. ఉదయపు మోతాదుకు ముందు రక్తము తీసి, అందు మందు ఎంత నిలిచియున్నదో కొలుతురు. తగ్గించిన ప్రతిసారి కాలేయపు పరీక్ష చేయింతురు. తేడా కన్పట్టిన మరల పెంచుదురు.

మందు పూర్తిగా ఆపుటకు వీలున్నదా? 2013లో వెలువడిన ఐరోపా పరిశోధనలో, మార్పిడి జరిగి మూడేండ్లు దాటినవారిని 98 మందిని ఎన్నుకొని, మిక్కిలి జాగ్రత్తతో మందు తగ్గించుచు ఆపి చూచిరి. 41 మందికి మాత్రమే అది సాధ్యమయ్యెను. తక్కినవారికి తిరస్కరణ కలుగగా మందు మరల ఇయ్యవలసివచ్చెను. ఎవరికి సాధ్యమో ముందుగా నిశ్చయముగా చెప్పగల పరీక్ష నేటికిని లేదు.

ఇక్కడనే గొప్ప ప్రమాదమున్నది. తిరస్కరణ మొదలైనపుడు నొప్పి యుండకపోవచ్చును, జ్వరమును ఉండకపోవచ్చును. కన్నులు పచ్చబడునాటికి ఆలస్యమై యుండవచ్చును. "ఒంట్లో బాగున్నది గదా" యని సగము మాత్ర మానుట, ఖర్చుకు జంకి రోజు విడిచి రోజు మ్రింగుట ప్రాణముతో చెలగాటము. ఖర్చు భారమైనచో ఆ మాట వైద్యునితోనే దాపరికము లేక చెప్పవలెను. బలమునకని తిప్పతీగ కషాయము త్రాగరాదు. అణచియుంచిన రక్షణశక్తిని అది రేపవచ్చును. పంపరపనసపండు రక్తమునందు మందును పెంచగలదు గనుక దానిని మానవలెను.

మన యిండ్లలో పెద్దలకు తెలుగు, ఆసుపత్రిలో మాట మరాఠీ, చీటీ ఆంగ్లము. నడుమ దుబాసీ మీరే. వైద్యుడు "కమీ కరా" అనిన తగ్గింపుమని అర్థము. "బంద్ కరా" అనిన ఆపుమని అర్థము. ఈ రెంటిని ఒకటి చేసి చెప్పకుడు. ఏ మాత్ర, ఎన్ని మిల్లీగ్రాములు, ఏ దినమునుండి, మరల రక్తపరీక్ష ఎన్నడు అను నాలుగు ప్రశ్నలడిగి, జవాబులను తెలుగున వ్రాసి, ఇంటిగోడకు అంటింపుడు. సందేహమున్న మరల అడుగుడు. అడుగుట సిగ్గుచేటు కాదు. మీరు నేర్చిన మూడు భాషలకు ఇంతకంటె మంచి వినియోగము మాకు తోచదు.