క్రాన్‌బెర్రీ – మూత్రనాళ ఇన్ఫెక్షన్: ‘నివారణ’ అనే మాటకు అర్థవిచారం

1. ఉపోద్ఘాతం

తిరుపతి జిల్లాలో తడకు సమీపాన ఉన్న శ్రీ సిటీలో, ముఖ్యంగా ఎలక్ట్రానిక్స్ కర్మాగారాలలో, వేలాదిమంది మహిళలు షిఫ్టులలో పనిచేస్తున్నారు. మూత్రాశయం నుండి వెలుపలికి వచ్చే నాళం స్త్రీలలో పొట్టిగా ఉండటం వల్ల వారికి మూత్రనాళ ఇన్ఫెక్షన్ ఎక్కువగా సోకుతుంది. నీరు తక్కువగా తాగడం, మూత్రాన్ని చాలాసేపు ఆపుకోవడం ఈ ముప్పును పెంచుతాయి. దీని ‘నివారణకు’ క్రాన్‌బెర్రీ మాత్రలు, రసం వాడవచ్చని తరచూ వినిపిస్తుంది. ఈ మాటను ఏ అర్థంలో గ్రహించాలన్నది ఆరోగ్యానికి సంబంధించిన ప్రశ్న.

2. ఒక మాట – రెండు అర్థాలు

‘పోలియో నివారణ’ అన్నప్పుడు వ్యాధి రాకుండా ముందుగా అడ్డుకోవడమని అర్థం. ‘నొప్పి నివారణ మాత్ర’ అన్నప్పుడు వచ్చిన బాధను తొలగించడమని అర్థం. క్రాన్‌బెర్రీకి మొదటి అర్థమే వర్తిస్తుంది.

ఈ ఇన్ఫెక్షన్లలో అధికభాగానికి కారణం ఇ.కోలై బాక్టీరియా. అది మూత్రమార్గపు లోపలి పొరకు అంటుకొని వృద్ధి చెందుతుంది. క్రాన్‌బెర్రీలోని ఎ-రకం ప్రోయాంథోసయనిడిన్లు ఆ అంటుకోవడాన్ని తగ్గిస్తాయని శాస్త్రజ్ఞుల వివరణ. అవి బాక్టీరియాను చంపవు; కాబట్టి వచ్చిన ఇన్ఫెక్షన్‌కు యాంటీబయాటిక్‌ బదులుగా పనిచేయవు.

3. ఆధారాలు – పరిమితులు

50 అధ్యయనాలను పరిశీలించిన 2023 నాటి కోక్రేన్ సమీక్ష ప్రకారం, ఇన్ఫెక్షన్ పదేపదే వచ్చే స్త్రీలలో క్రాన్‌బెర్రీ ఉత్పత్తులు ఆ ముప్పును సుమారు 26 శాతం తగ్గించాయి. పిల్లలలోనూ ప్రయోజనం కనిపించింది. గర్భిణులలో, సంరక్షణాలయాలలోని వృద్ధులలో అది కనిపించలేదు. వార్ఫరిన్ వాడేవారు వైద్యుని సలహా లేకుండా వీటిని తీసుకోరాదు.

మన వాక్కాయను క్రాన్‌బెర్రీకి ప్రత్యామ్నాయంగా భావించడమూ సరికాదు. పులుపు, ఎరుపు సమానమైనా ఈ రెండూ వేర్వేరు వృక్షకుటుంబాలకు చెందినవి. క్రాన్‌బెర్రీపై వచ్చిన ఫలితాలను వాక్కాయకు అన్వయించలేము.

4. ముగింపు

ఖర్చులేని మార్గానికీ ఆధారం ఉంది. రోజుకు 1.5 లీటర్లకన్నా తక్కువ ద్రవాలు తాగే, పదేపదే ఇన్ఫెక్షన్ వచ్చే 140 మంది స్త్రీలపై జరిగిన ఒక పరిశోధన 2018లో వెలువడింది. అదనంగా 1.5 లీటర్ల నీరు తాగినవారిలో ఏడాదికి సగటున 1.7 సార్లు, తక్కినవారిలో 3.2 సార్లు ఇన్ఫెక్షన్ వచ్చింది. నీరు తాగాలంటే మరుగుదొడ్డికి వెళ్లే వ్యవధి కూడా ఉండాలి. కనుక నివారణ వ్యక్తి అలవాటుతోపాటు పనిచోటి ఏర్పాట్లపైనా ఆధారపడుతుంది. మూత్రంలో మంటతో జ్వరం, వణుకు, నడుము పక్కన నొప్పి తోడైతే ఇన్ఫెక్షన్ మూత్రపిండాలకు చేరి ఉండవచ్చు. అప్పుడు కావలసింది నివారణ కాదు, తక్షణ చికిత్స. ఆరోగ్య సమాచారాన్ని తెలుగులో రాసేవారు ‘రాకుండా కాపాడుతుంది’, ‘వచ్చినదాన్ని నయం చేయదు’ అని విడమరచి చెప్పడం అవసరం.