నీడ చూపిన దారి

విద్యాతత్వంలో స్వేచ్ఛ మాట వచ్చినప్పుడల్లా, పిల్లల్ని ఎంతవరకు వదిలేయాలన్న ప్రశ్న వస్తుంది. దానికి ముందు తేల్చుకోవలసింది ఒకటుంది: వదిలేశామంటున్నవారు నిజంగా వదిలేశారా?

తత్వవేత్త రూసో 1762లో ‘ఎమిల్’ అనే పుస్తకం ప్రచురించాడు. ఎమిల్ కల్పిత బాలుడు. అతనికి ఒక్కడే గురువు. పన్నెండేళ్ల దాకా పాఠాలు లేవు, ఆజ్ఞలు లేవు. రూసో దీన్ని నిషేధాత్మక విద్య అన్నాడు. అంటే మంచిని నూరిపోయడం కాదు, చెడు అంటకుండా కాపాడడం. (తన సొంత పిల్లలు అయిదుగురినీ అనాథ శరణాలయానికి అప్పగించినందువల్ల, ఈ పద్ధతిని ఇంట్లో పరీక్షించే అవకాశం ఆయనకు చిక్కలేదు.)

ఆ వయసు దాటాక ఎమిల్ ఒకనాడు, దిక్కులు తెలుసుకుంటే ఏం లాభమని అడుగుతాడు. గురువు వాదించడు. మర్నాడు ఉదయం మోమొరాన్సీ పట్టణానికి ఉత్తరాన ఉన్న అడవికి షికారు తీసుకెళతాడు. దారి తప్పుతారు. ఆకలి, అలసట, ఏడుపు. చివరికి మధ్యాహ్నపు నీడ ఉత్తరానికి పడుతుందని బాలుడు గుర్తు తెచ్చుకుంటాడు. అయితే పట్టణం నీడకు ఎదురువైపున ఉండాలి. ఉంది కూడా, పక్కనున్న పొదల వెనకే. ఆ సంగతి గురువుకు మొదటినుంచీ తెలుసు.

ఎమిల్‌ను ఎవరూ ఆజ్ఞాపించలేదు. అయినా గురువు అనుకోని అడుగు అతను ఒక్కటీ వేయలేదు. రూసో దీన్ని పాఠకుల దగ్గర దాచలేదు: శిష్యుడు తానే యజమాని అనుకోవాలి, అసలు యజమాని గురువే కావాలి అన్నాడు. దాచింది శిష్యుడి దగ్గరే. పుస్తకం వెలువడిన ఏడాదే దాన్ని పారిస్‌లో తగలబెట్టించారు, ప్రధానంగా మతం గురించి రాసినదానికి.

ఎ.ఎస్. నీల్ 1921లో మొదలుపెట్టిన సమ్మర్‌హిల్ బడి తీరు వేరు. ఇంగ్లండ్‌లోని ఈ బడిలో తరగతికి రావడం పిల్లల ఇష్టం. నియమాలు లేవనుకుంటే పొరపాటు. నిద్రవేళలు సైతం పిల్లలూ పెద్దలూ కలిసే బడి సభలో ఓటుతో తేలతాయి. నీల్ ఉన్నప్పుడు ఆయనకు ఒక ఓటు, చిన్న పిల్లకూ ఒక ఓటు. ఉపాధ్యాయుల నియామకం, బిల్లులు మాత్రం సభకు రావు. ఆ హద్దును నీల్ బాహాటంగానే చెప్పాడు. నియమం కంటికి కనబడితే దానితో పోట్లాడవచ్చు. పొదల వెనక పట్టణంతో ఎవరు పోట్లాడగలరు?

1999లో ప్రభుత్వ తనిఖీదారులు ఈ ఐచ్ఛిక హాజరును తప్పుపట్టారు. 2000లో వ్యవహారం లండన్‌లో ట్రిబ్యునల్ ముందుకు వెళ్లింది. విచారణ నడుమనే ప్రభుత్వం రాజీకి వచ్చింది. ఒప్పుకోవాలా వద్దా అని తేల్చడానికి పిల్లలు ఆ కోర్టు గదిలోనే సభ పెట్టుకుని ఓటు వేశారు.