వానదారికి టైరు చూసి కొనండి

జమ్మలమడుగు వైపు నల్లరేగడి దారి ఎండలో రాయి. నాలుగు చినుకులు పడితే సబ్బు. ఆ బురద టైరు గాడుల్లో పూడుకుపోయి, తారురోడ్డెక్కినా వదలదు. బ్రేకు వేయగానే ట్రాలీ పక్కకు జారేది ఇందుకే.

పులివెందుల చీనీతోటల నుంచి గానీ, ప్రొద్దుటూరుకు శనగ మూటలతో గానీ బండి కట్టే రైతులు టైర్ల గురించి కొంత తెలుసుకోవాలి. నిలువుగాడుల టైరు నీళ్లను బయటికి తోసేస్తుంది. ముందు చక్రాలకు, ట్రాలీకి అది మేలు. బురదలో లాగాలంటే ఇంజను తిప్పే చక్రాలకు అడ్డకట్ల టైరే ఉండాలి. ట్రాక్టరు పెద్దటైరు పక్కన బాణం గుర్తుంటుంది. బండి ముందుకు పోయేటప్పుడు చక్రం తిరిగే వైపే అది చూపాలి. తిరగేసి బిగిస్తే బురద రాలదు, పట్టూ దొరకదు.

చవగ్గా వస్తుందని చాలామంది ట్రాలీకి పాత లారీ టైరు వేస్తారు. వేయొద్దంటే వినరు గదా! కనీసం గాడుల అడుగునుండే చిన్న దిమ్మెలు చూడండి. వాటి మట్టానికి అరిగిందంటే మిగిలింది 1.6 మిల్లీమీటర్లే, వాననీటికి అది చాలదు. పక్కనున్న నాలుగంకెలూ చదవండి. 3519 అంటే 2019లో 35వ వారం తయారైంది. అంచున పగుళ్లుంటే ఎంత తక్కువకిచ్చినా తీసుకోవద్దు.

మంచుదేశాల మెత్తరబ్బరు టైర్లు మన ఎండకు ఊరికే అరిగిపోతాయి, వాటి జోలి వద్దు. చేనుదారి దాటి రోడ్డెక్కే ముందు మాత్రం బండి ఆపి, కట్టెపుల్లతో గాడుల్లోని రేగడి గీకేయండి.