గూస్ – మంగూస్

ఒక విద్యార్థి ఆంగ్ల తరగతిలో ముంగిసలను గురించి రాస్తూ ‘మంగీస్’ అన్నాడట. తోటివారు గొల్లున నవ్వారు. తరువాతి గంటలో అతడు నా వద్దకు వచ్చి, “గూస్‌కు బహువచనం గీస్ అయినప్పుడు, మంగూస్‌కు మంగీస్ ఎందుకు కాదు సార్?” అని అడిగాడు. అది నవ్వదగిన ప్రశ్న కాదు.

బాతును పోలిన పెద్ద పక్షి ‘గూస్’. ఈ పదం ఆంగ్లానికి సొంతం. అంతేకాదు, మన సంస్కృత ‘హంస’కు జ్ఞాతి. జర్మన్ భాషలో ఇదే ‘గాన్స్’. హంసలోను, గాన్స్‌లోను వినిపించే అనునాసికం ఆంగ్లంలో సకారానికి ముందు లోపించి, అచ్చు దీర్ఘమైంది. హంసకు వికృతి అయిన మన ‘అంచ’ మాత్రం బిందువును నిలుపుకొని హకారాన్ని వదులుకొంది. అర్థచ్ఛాయలు కూడా వేరుదారులు పట్టాయి. మన కవులకు హంస పాలను నీటినుండి వేరుచేయగల వివేకి. శృంగారనైషధంలో నలదమయంతుల నడుమ రాయబారి. ఆంగ్లేయులు తెలివితక్కువవారిని ‘గూస్’ అని మందలిస్తారు! ఏ పక్షికి ఎక్కడ ఏ గౌరవం దక్కుతుందో చెప్పలేము.

ఇక ‘గీస్’. పూర్వం బహువచన ప్రత్యయంలో ఉండిన ఇకారం తన ముందరి అచ్చును మార్చింది. కాలక్రమంలో ప్రత్యయం లోపించగా, మారిన అచ్చే బహువచనానికి గుర్తుగా మిగిలింది. ఫుట్–ఫీట్, టూత్–టీత్ ఇటువంటివే. తెలుగువారికి ఇది కొత్త కాదు. ‘పులి’కి ‘లు’ చేరగా ‘పులులు’ అవుతున్నది కదా! మన ప్రత్యయం నిలిచి ఉంది, వారిది పోయింది, అంతే భేదం.

‘మంగూస్’ కథ వేరు. 17వ శతాబ్ది చివరినాటికి ఆంగ్ల రచనలలోకి ఎక్కిన ఈ మాటకు మరాఠీ ‘ముంగూస్’ ఆధారమంటారు. దాని మూలం ద్రావిడమై ఉండవచ్చునని, తెలుగు ‘ముంగిస’ను, కన్నడ ‘ముంగిసి’ని నిఘంటుకారులు పోల్చి చూపుతారు. విదేశీ పదం చెవిని పడగానే ఆంగ్లేయులు దాని చివరి భాగాన్ని తమకు పరిచితమైన ‘గూస్’ వలెనే రాశారు. ఆ విద్యార్థి పడిన భ్రమలో వారు అంతకుముందే పడ్డారన్నమాట.

పక్షితో చుట్టరికం లేదు కనుక, ఈ అరువు పదం సాధారణ ప్రత్యయంతోనే ‘మంగూసెస్’ అవుతుంది. ‘మంగీస్’ను అరుదైన రూపంగా చూపే నిఘంటువులు లేకపోలేదు, పరీక్షలో మాత్రం ‘మంగూసెస్’ అనే రాయండి.